మంత్రిగారి అక్క నాగులమ్మ

నేను 1963లో నేలబండ ప్రాథమిక పాఠశాలకు పంతులమ్మగా వచ్చినప్పుడు ఊళ్లో నాకు ఇల్లు దొరకలేదు. పెళ్లికాని ఆడదానికి కిరాయికి ఇవ్వడానికి అందరూ వెనకాడారు. నాలుగు రోజులు బళ్లోనే బెంచీల మీద పడుకున్నాను. చివరికి సాలోళ్ల వాడలో నాగులమ్మ అనే నేత మనిషి తన ఇంట్లో పడమటి గది ఇస్తానంది. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎండిన తుమ్మకొమ్మలా ఉండేది.

"పొద్దందాక మగ్గం సప్పుడైతది, ఓర్సుకోవాలె," అంది. "ఇంకొకటి. మా తమ్ముని పేరు నా ముంగట ఎత్తద్దు."

తమ్ముడెవరో నాకు తెలియదు. మర్నాడు బళ్లో పెద్దపంతులును అడిగితే ఆయన గోడకున్న శంకుస్థాపన రాయిని వేలితో చూపించాడు. పున్న దశరథం, ఉపమంత్రి, అని ఉంది దాని మీద. మరుసటి ఏడాదికల్లా ఆ మనిషి పూర్తి మంత్రి అయ్యాడు. చేనేత, సహకార శాఖలు చేతికొచ్చాయి. దేవరకొండ నుంచి మా ఊరికి ఆరు మైళ్లు కంకర రోడ్డు వేశారు. ఆ రోడ్డు నాగులమ్మ వాకిలి ముందు నుంచే పోతుంది. మంత్రి కారు అక్కడ ఒక్కసారి కూడా ఆగగా నేను చూడలేదు.

ఆమె కథ నాకు ఒక్కసారిగా చెప్పలేదు. నేను ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్లలో, నూలు కండెలు చుడుతూ కొంత, జొన్నలు చెరుగుతూ కొంత చెప్పింది. నేను విన్నది విన్నట్లు ఇక్కడ రాస్తున్నాను. దశరథం మీద నాకు కోపం లేదని అనను. ఉంది.

నాగులమ్మకు తొమ్మిదో ఏట పెళ్లయింది, పన్నెండో ఏట భర్త కలరాతో పోయాడు. పుట్టింటికి వచ్చేసింది. తల్లి అప్పటికే లేదు, దశరథాన్ని కని చనిపోయింది. ఆమెకు పదహారు, తమ్ముడికి ఎనిమిది ఉన్నప్పుడు తండ్రి కూడా పోయాడు. ఇంట్లో మిగిలింది ఒక గుంట మగ్గం. నేలలో తొడ లోతు గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించి, కింద చెక్కలు తొక్కుతూ నేసే మగ్గం అది. ఆడవాళ్లు నూలు వడుకుతారు, కండెలు చుడతారు కానీ మగ్గంలో దిగడం ఆ వాడలో లేదు. నాగులమ్మ దిగింది. కులపెద్ద వచ్చి కేకలేశాడు.

"ఆడది మగ్గం గుంటల దిగుతదా? సిగ్గు లేదా నీకు?"

"నువ్వు మా తమ్మునికి రెండు పూటల అన్నం పెట్టు పెద్దయ్యా. నేనిప్పుడే బయటికొస్త," అంది. ఆయన మళ్లీ రాలేదు.

గోడకు అవతల ఇల్లు రంగులద్దేవాళ్లది. వాడలోని నూలంతా ఆ ఇంటి ఇల్లాలు హనీఫా వాళ్ల కాగుల్లోనే ఎరుపు, నీలం అయ్యేది. హనీఫా కొడుకు మక్సూద్‌ది దశరథం ఈడే. ఇద్దరూ కలిసి దేవరకొండ బడికి నడిచి పోయేవాళ్లు, నాగులమ్మ కట్టి ఇచ్చిన ఒకే రొట్టె తుంచుకుని తినేవాళ్లు. తన తండ్రి పోయాక మక్సూద్ నాలుగో జమాతుతో చదువు మానేసి కాగుల దగ్గర నిలబడ్డాడు. దశరథాన్ని మాత్రం నాగులమ్మ నల్లగొండ దాకా చదివించింది. వాడి ఫీజు కోసం ఎన్ని చీరలు నేసిందో ఆమెకే తెలియదు. ఏనాడూ ఆ మాట ఎత్తి చెప్పలేదు కూడా.

నల్లగొండలో దశరథానికి ఒక సంగతి తెలిసింది, తనకు మాట్లాడటం వచ్చునని. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులోకి దిగి, నవ్వించి ఏడిపించగలడు. 1946లో కమ్యూనిస్టుల సంఘం సభలకు జనం విరగబడి వస్తున్నారు కాబట్టి సంఘం సభల్లో మాట్లాడాడు. వెట్టి పోవాలన్నాడు, భూమి పంచాలన్నాడు. సంఘం వాళ్లు తుపాకులు పట్టాల్సిన రోజులు వచ్చేసరికి తెల్లటోపీ పెట్టుకుని కాంగ్రెస్ వైపు జరిగాడు. ఆ తేడా ఏమిటని అక్క అడిగితే, "నీకు సమజ్ గాదులే అక్కా," అన్నాడట. నిజానికి ఆమెకు బాగానే అర్థమైంది. భయపడ్డాడని అర్థమైంది. తమ్ముడు కదా, భయపడితే బతికుంటాడని సంతోషించింది కూడా.

1948 ఎండాకాలంలో దేవరకొండలో రజాకార్ల క్యాంపు పడింది. దశరథాన్ని వెతుక్కుంటూ వస్తారన్న కబురు అతనికి రెండు రోజుల ముందే అందింది. అక్కకు ఒక్క మాట చెప్పకుండా కృష్ణ దాటి, మాచర్ల వైపు కాంగ్రెస్ వాళ్లు నడిపే శిబిరానికి వెళ్లిపోయాడు. రజాకార్లు వచ్చేసరికి ఇంట్లో ఉన్నది నాగులమ్మ ఒక్కతే. జుట్టు పట్టి మగ్గంలోంచి బయటికి ఈడ్చారు. ఆ చప్పుడుకు గోడ దూకి మక్సూద్ వచ్చాడు. చేతులు మోచేతుల దాకా నీలం రంగుతో ఉన్నాయట.

"ఈమె నాకు అక్క. తమ్ముడు ఎటు పోయిండో ఈమెకు తెల్వదు. కొట్టేదుంటె నన్ను కొట్టుండ్రి," అని వాళ్లకు ఉర్దూలో చెప్పాడు.

వాళ్లు ఆమెను వదిలి మక్సూద్‌ను పట్టుకున్నారు. కొట్టలేదు. క్యాంపుకు తీసుకుపోయి ముప్పై తాన్ల తెల్లబట్ట ముందర వేసి, ఖాకీ రంగు వేయమన్నారు. ఎనిమిది రోజులు అక్కడే ఉంచుకుని పని చేయించుకుని పంపారు. తిరిగి వచ్చి నాగులమ్మతో నవ్వుతూ చెప్పాడు.

"రంగు నిలువకుంట జేసిన నాగులక్కా. ఒక్క వానకు ఖాకీ అంత కారిపోతది. పులులోలె పోయినోళ్లు పిల్లులోలె వస్తరు."

సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్లు దొరికిన బండెక్కి పారిపోయారు. వాళ్లు చేసినదానికి లెక్క తేల్చుకోవాలని బరిసెలు పట్టుకుని తిరిగినవాళ్లకు దొరికింది మాత్రం రజాకార్లు కాదు. ఊళ్లలో ఉండిపోయిన దూదేకులవాళ్లు, దర్జీలు, రంగులవాళ్లు. హనీఫా తన కూతురు షంషాద్ పురుడు కోసం హైదరాబాద్ పోయి అక్కడే చిక్కుకుపోయింది. మక్సూద్ ఒక్కడే ఇంట్లో ఉన్నాడు. నాగులమ్మ అతణ్ణి తన మగ్గం గుంటలో దాచింది.

ఆ గుంటలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఒక్క మనిషి కూచోవచ్చు. పైన నాగులమ్మ కూచుని నేసేది. కింద చెక్కలకు, మట్టిగోడకు మధ్య మక్సూద్. మొదటిరోజు ఎనిమిదిమంది వచ్చి ఇల్లంతా వెతికారు, ధాన్యం గరిసెలో బరిసెలు గుచ్చారు, అటక మీద కుండలు పగలగొట్టారు. పోగుల మధ్య నాడె ఆడించడం ఆమె ఆపలేదు.

"నా కాలు వాని బుజం మీదుండె," అని చెప్పింది నాకు. "వాడు వణుకుతుంటె నా కాలు గూడ వణుకబట్టె. తొక్కుడు తప్పితె వాళ్లకు ఎర్కైతదని వాని బుజాన్నే తొక్కుకుంట కూసున్న. గట్టిగ తొక్కిన పంతులమ్మా. దెబ్బ తాకింది కావచ్చు. కిక్కురుమనలే."

మూడోరోజు మధ్యాహ్నం దశరథం వచ్చాడు. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, భుజాన ఎవరిదో తుపాకి. నాలుగు నెలల తర్వాత తమ్ముడు కళ్లబడితే ఆమె ఏడ్చింది, దిష్టి తీసింది, అన్నం పెట్టింది. తింటూ అడిగాడు.

"పక్కింటోళ్లు ఏరి?"

ఆమె నవ్వుతూ చెప్పింది. అప్పుడు తను ఎంత సంతోషంగా చెప్పిందో నాతో చెబుతున్నప్పుడు ఆమె చేతిలో కండె ఆగిపోయింది. "మక్సూద్ ఈన్నే ఉన్నడురా. గుంటల దాసిపెట్టిన. ఇగ నువ్వొచ్చినవు, మాకు ఫికర్ లేదు."

దశరథం చేయి కడుక్కుని మగ్గం దగ్గర కూచుని లోపలికి వంగి మాట్లాడాడు. "ఎన్ని దినాలుంటవురా గిట్ల? నాతోని రా. దేవరకొండల మిలిట్రీ క్యాంపుంది. ఆడుంటె నిన్నెవ్వడు ముట్టడు." చేయి ఇచ్చి పైకి లాగాడు. మక్సూద్ కాళ్లు తిమ్మిరెక్కి నిలబడలేకపోతే భుజం పట్టుకుని నడిపించాడు. నాగులమ్మ దారికని రెండు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది.

ఊరి బయట వాగు ఉంది. అక్కడ బరిసెలు పట్టినవాళ్లు పదిమంది కాచుకుని ఉన్నారు. గుట్ట మీద మేకలు కాస్తున్న పోచయ్య చూశాడు. దశరథం మక్సూద్ చేతిని వదిలిపెట్టి, "రజాకార్ల బట్టలకు రంగేసింది గీడే," అని చెప్పి పక్కకు జరిగాడు. మక్సూద్ అతని పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడట. దశరథం వెనక్కి తిరగకుండా బండ్లబాట వైపు నడిచాడు. వాళ్లు పని ముగించుకుని వెళ్లాక పోచయ్య పరుగున వచ్చి నాగులమ్మకు చెప్పాడు. ఇద్దరూ కలిసి వాగు ఒడ్డున గుంట తీసి మక్సూద్‌ను పూడ్చారు. నమాజు చదివేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

ఎందుకు చేశాడని నేను అడిగాను. ఆమె ఇంకో కండె అందుకుంది. నాకు తోచింది చెబుతాను. శిబిరంలో ఉన్న మిగతావాళ్లు సరిహద్దులో నిజాం పోలీసు నాకాల మీద పడ్డారు, జెండాలు ఎగరేశారు, కొందరు తూటా తిన్నారు. దశరథం నాలుగు నెలలూ అక్కడ భోజనం చేశాడు, ఉపన్యాసాలు ఇచ్చాడు. తిరిగి వచ్చినప్పుడు నలుగురికి చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి. ఆ రోజు వాగు దగ్గర ఉన్నవాళ్లలో ఒక దేశ్‌ముఖ్ కొడుకు ఉన్నాడు. ఆయన ఇంటివాళ్లే ఆ తర్వాత దశరథాన్ని తాలూకా కాంగ్రెస్‌లో నిలబెట్టారు.

ఆ సాయంత్రం దశరథం ఇంటికి వచ్చేసరికి అతని బట్టలు, పుస్తకాలు, పళ్లెం వాకిట్లో ఉన్నాయి. నాగులమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పో," అంది. ఆ ఒక్క మాటే.

నెల తిరక్కముందే పోచయ్యను మిలటరీవాళ్లు కమ్యూనిస్టు అని పట్టుకుపోయారు. మేకలు కాసుకునేవాడు నల్లగొండ జైల్లో మూడేళ్లున్నాడు. మోకాలు విరిగి తిరిగి వచ్చాడు. అతని పేరు పటాలానికి ఎవరు చెప్పారో ఊళ్లో అందరికీ తెలుసు.

అక్కడి నుంచి దశరథం పైకి పోతూనే ఉన్నాడు. మిలటరీ అధికారులకు ఉర్దూలో మాట్లాడేవాడు కావాలి, అయ్యాడు. నేతవాళ్లకు నూలు పంచే సంఘానికి అధ్యక్షుడు కావాలి, అయ్యాడు. సంఘం రెండో ఏటికే అతని సొంత ఇల్లులా తయారైంది, ఎవరి మగ్గం ఆడాలో ఎవరిది ఆగాలో అతని నోట్లో ఉండేది. 1952లో పోటీ చేస్తే జైల్లో ఉన్న కమ్యూనిస్టు అతణ్ణి చిత్తుగా ఓడించాడు. 57లో గెలిచాడు, 62లో గెలిచాడు. ప్రతి ఎన్నికలోనూ ఒక కథ చెప్పేవాడు. పోలీసు యాక్షన్ రోజుల్లో తన బాల్యమిత్రుణ్ణి, ఒక ముస్లిం సోదరుణ్ణి, తమ ఇంటి మగ్గం గుంటలో దాచానని, తాను పని మీద దేవరకొండ పోయిన సమయం చూసి దుర్మార్గులు అతణ్ణి పొట్టన పెట్టుకున్నారని. ఆ చోటికి వచ్చేసరికి కళ్లు తుడుచుకునేవాడు. దేవరకొండలో ముస్లిం వాడల ఓట్లన్నీ అతనికే పడేవి.

నాగులమ్మ చెవిన ఆ కథ పడలేదు. సభలకు ఆమె పోదు. తమ్ముడి పేరు ఆమె ముందు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. నేను రెండుసార్లు విన్నాను, చెప్పలేదు. నా ఉద్యోగం నేను చూసుకున్నాను.

1967 జనవరిలో, ఎన్నికలకు నెల ముందు, ఒక జీపు వచ్చి వాకిట్లో ఆగింది. బురఖాలో ఒకామె దిగింది. హనీఫా కూతురు షంషాద్. తల్లి ఏనాడో పోయిందట. మంత్రి మనుషులు హైదరాబాద్‌లో వెతికి పట్టుకుని, రేపు నేలబండ సభలో మంత్రికి దండ వేయడానికి తీసుకువచ్చారు. షంషాద్ నాగులమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"మా అమ్మీ కొడుకు ఎట్ల పోయిండో తెల్వకుంటనే సచ్చిపోయింది నాగులక్కా. మొన్న దశరథమన్న మనుషులు చెప్తె తెలిసింది, మీ తమ్ముడు మా భాయ్‌ని గుంటల దాసిండంట గద. ఆ ఒక్క మాటతోని నా మనసు జర చల్లగైంది."

నేను గుమ్మంలోనే ఉన్నాను. నాగులమ్మ చాప వాల్చింది. నిజం చెప్పకపోతే బాగుండునని నాకు అనిపించింది. వచ్చినామె ఆ కాస్త చల్లదనంతో తిరిగిపోయేది.

"కూసో బిడ్డా," అంది నాగులమ్మ. "దాసింది నేను. దాసిన్నని వానికి సెప్పింది గూడ నేనే." ఇక ఏదీ దాచకుండా అంతా చెప్పింది. రొట్టెలు కట్టి ఇచ్చిన సంగతితో సహా.

షంషాద్ ఏడవలేదు. చివరికి, "కబర్ ఏడుంది?" అని అడిగింది. ఇద్దరూ వాగు వైపు నడిచి వెళ్లారు. జీపు డ్రైవర్ పొద్దుగూకేదాకా కూచుని ఖాళీ జీపుతో వెళ్లిపోయాడు.

మర్నాడు అంగడి మైదానంలో సభ. మంత్రి కథ మొదలుపెట్టి, "ఆ నా మిత్రుని చెల్లెలు మన మధ్యనే ఉంది," అంటూ జనంలోకి చూశాడు. ఆడవాళ్ల వైపు నుంచి షంషాద్ లేవలేదు. ఆమె పక్కన కూచున్న నాగులమ్మ లేచింది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది.

"దశరథం! వాణ్ణి గుంటలకెల్లి చెయ్యి వట్టి తీసింది నువ్వే. వాగు కాడ వాణ్ణి వాళ్లకు సూపెట్టింది నువ్వే. నిన్ను పేరు వెట్టి పిలిసిండు వాడు. ఎన్కకు మల్లి సూసినవా?"

పద్దెనిమిదేళ్ల తర్వాత అక్క అతనితో మాట్లాడిన మొదటి మాటలవి. మంత్రి మైకును చేత్తో మూశాడు. అంతలో వెనుక నుంచి కుంటుకుంటూ పోచయ్య లేచి, "నేను సూసిన. గుట్ట మీదికెల్లి సూసిన," అన్నాడు. కార్యకర్తలు అతణ్ణి నెట్టేశారు. ఎవరో రికార్డు పెట్టి పాట గట్టిగా వదిలారు.

తెల్లారి ఎండెక్కాక మొదటిసారి మంత్రి కారు మా వాకిట్లో ఆగింది. దశరథం ఒక్కడే లోపలికి వచ్చాడు. బాగా లావెక్కాడు, గుమ్మం దాటుతుంటే ఆయాసపడ్డాడు. నాగులమ్మ మగ్గంలోంచి లేవలేదు.

"అక్కా, ఎవరు నేర్పిండ్రు నీకు? కమ్యూనిస్టోళ్లా? ఈ పంతులమ్మనా?"

నాగులమ్మ నేస్తూనే ఉంది.

"అప్పుడు నేను వాణ్ణి సూపెట్టకుంటె నన్ను సంపుతుండిరి. నీకు ఎర్కలేదు ఆ దినాలు. నేను సస్తె నీకు ఇష్టమేనా?"

నాడె ఆగింది. "రజాకార్లు నన్ను గుంజినప్పుడు మక్సూద్ గట్లనుకోలే," అంది. "నువ్వు బయపడ్డవు, సరే. ఎవరమైన బయపడుతం. మరి పదిహేనేండ్లు ఆ పోరని సావు మీద నిలవడి ఓట్లెట్ల అడిగినవురా?"

దశరథం ముఖం నల్లబడింది. "నీ మగ్గం ఎట్లాడుతదో నేను సూస్త," అని వెళ్లిపోయాడు.

ఆ ఎన్నికలో ఓడిపోయాడని రాయాలని నాకు ఉంది. ఓడిపోలేదు. మెజారిటీ తగ్గింది, అంతే. మళ్లీ మంత్రి అయ్యాడు. ప్రమాణం చేసిన పదిహేనో రోజుకు నాకు అచ్చంపేటకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. సంఘం నుంచి నాగులమ్మకు నూలు ఆగిపోయింది. వాడలో ఒక్కరు కూడా ఆమె పక్షాన సంఘానికి పోలేదు. ఆ ఏడాది ఆమె కూలికి పోయి వేరుశనగ పీకింది. తర్వాత షంషాద్ హైదరాబాద్ నుంచి బస్సు మీద నూలు చుట్టలు పంపడం మొదలుపెట్టింది. మగ్గం మళ్లీ ఆడింది.

69లో ప్రత్యేక తెలంగాణ గొడవ వచ్చినప్పుడు దశరథం పొద్దున దేవరకొండలో జై తెలంగాణ అని, మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి గదిలో ఉన్నాడు. ఆ రెండు పక్షాలూ అతణ్ణి నమ్మడం మానేశాయి. రెండేళ్లకు పదవి పోయింది, 72లో టికెట్టు రాలేదు. మూడేళ్లు హైదరాబాద్‌లో ఎవరూ రాని ఇంట్లో కూచుని గుండె జబ్బుతో పోయాడు. శవాన్ని ఊరికి తెచ్చారు. కులపెద్దలు నాగులమ్మ దగ్గరికి వచ్చి, ఎంతైనా చేతుల్లో పెంచినదానివి, ఒక్కసారి వచ్చి చూడమన్నారు.

"నేను పెంచినోళ్లల్ల ఒకన్ని నేనే మన్ను జేసిన," అందట ఆమె. "వీని సంగతి మీరు సూసుకోండ్రి."

ఆ మరుసటి ఎండాకాలం సెలవుల్లో నేను ఆమెను చూడటానికి వెళ్లాను. వెళ్లేసరికి ఇంట్లో లేదు. సాయంత్రం బస్సు దిగి కోపంగా వచ్చింది. దేవరకొండ పోలీసు స్టేషన్‌కు పోయి వస్తోంది. మక్సూద్ చావు ఎక్కడా కాగితం మీద లేదని, రాయించాలని పోయింది. అక్కడి అధికారి కుర్రవాడు, 48 తర్వాత పుట్టినవాడు.

"సచ్చినోని మీద కేసేందవ్వా, అన్నడు. వాని మీద వద్దు, నా మీద రాయి, దాసిన జాగా సెప్పింది నేనే గద, అన్న. రాయలే. చాయ్ తాగిపిచ్చి, జవాన్‌ను తోలిచ్చి బస్సెక్కించిండు."

చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుంది.

"చాయ్ తాగిపిచ్చిండు పంతులమ్మా," అని మళ్లీ అంది.